వెనక్కి తీసుకున్న ప్రార్థన

అమ్మా, నేను కులాసాగానే ఉన్నాను. మా చర్చి సంఘం వాళ్లెవరైనా ఫోను చేసి ఏమైనా చెబితే కంగారుపడకు.

వారమంతా ఊపిరి సలపలేదు. రోజూ పాటల సాధన, బుధవారం డాక్టరమ్మ దగ్గర పరీక్షలు, శుక్రవారం మా ఇంట్లోనే సహవాస కూడిక. ఆదివారం ఏమీ తినకుండా చర్చిలో పాడేవాళ్లతో క్వాయర్‌లో నిలబడ్డాను. రెండో చరణం ఎత్తుకోగానే కళ్లు తిరిగి, పొట్ట పట్టుకుని కుర్చీలో కూలబడ్డాను. పాస్టరమ్మగారు పరుగున వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి, "ప్రభువా, ఈ చెల్లి కడుపులో ఏముందో దాన్ని ఈ క్షణమే తీసెయ్యి తండ్రీ!" అని ప్రార్థన అందుకున్నారు. అందరూ ఆమేన్ అనబోతున్నారు. కీబోర్డు దగ్గరున్న మీ అల్లుడు ఒక్క ఉదుటున లేచారు. "వద్దు వద్దు అమ్మగారూ! అది మా బిడ్డ! మూడో నెల!" అని మైకులోనే అరిచారు.

పాస్టరమ్మగారు కళ్లు తెరవకుండానే, "ప్రభువా, ఇందాకటి మనవి వెనక్కి తీసుకుంటున్నాను," అన్నారు. అప్పుడొచ్చిన ఆమేన్‌కి కిటికీలు అదిరాయి.

నీకే ముందు చెప్పాలనుకున్నాను. రెండు వందల మంది తర్వాత తెలిసిందని అలగకు. అంతా బాగుందనే డాక్టరమ్మ అన్నారు. నాన్న మోకాలు ఎలా ఉంది? మెత్తటి పాత నూలు బట్టలుంటే పారేయకు. నన్ను కనేముందు నీకూ ఇలాగే భయమేసిందా? ఎప్పుడొస్తావో వెంటనే రాయి.

నీకూ నాన్నకూ మా ముగ్గురి వందనాలు.