చార్టులో మొదటి పాటలు, నా నోటుబుక్కులో మొదటి పాటలు

యల్లమెల్లి మార్తమ్మ అను నేను, వయసు నలభై రెండు, స్వగ్రామం రాజోలు దగ్గర చింతలపేట, ప్రస్తుత నివాసం కువైట్‌లోని ఎగైలా, మామా అని పిలిచే మా యజమానురాలి ఇంట్లో వంటగది పక్క గది, ఒళ్లు తెలిసి, జ్వరం లేకుండా, ఒకరు చెప్పగా కాక నా అంతట నేనే రాసి పెడుతున్న మరణ శాసనం ఇది. మనసు నిలకడగా ఉందని మొదట రాయాలట. నిలకడగా లేదు. భయంగా ఉంది. భయపడే మనిషి రాసింది చెల్లదని ఏ చట్టంలోనూ ఉండదనుకుంటున్నాను.

వచ్చే సోమవారం, డిసెంబరు ఇరవై రెండున, ఇక్కడి ఆసుపత్రిలో నా గుండె కోసి కవాటం మారుస్తారు. ఊరెళ్లి చేయించుకుంటానంటే విమానం ఎక్కే స్థితిలో లేవన్నాడు డాక్టరు. వందలో ఎనభై మంది బాగానే లేచి తిరుగుతారని కూడా అన్నాడు. ఆ రోజు నుంచీ నేను మిగతా ఇరవై మంది గురించే ఆలోచిస్తున్నాను.

నా భయం చావు ఒక్కటే అయితే ఈ కాగితం రాసేదాన్ని కాదు. నా పాస్‌పోర్టులో, ఇఖామా అనే నివాస కార్డులో, ఆసుపత్రి ఫైల్లో ఉన్న పేరు మార్తమ్మ కాదు, పెయ్యల సూరాయమ్మ. ఆమె మా అక్క. ఊళ్లో నిక్షేపంలా ఉంది. 2007లో నేను బయల్దేరేటప్పుడు ఇంటిపనికి వచ్చే ఆడవాళ్లకు ముప్పై నిండాలన్నారు. నాకు ఇరవై నాలుగు. నా మొగుడు వదిలేసి పోయాడు, చంకలో మూడేళ్ల పిల్ల. ఏజెంటు అక్క రేషను కార్డు, అక్క పుట్టిన తేదీ, నా ఫొటో పెట్టి పాస్‌పోర్టు తీయించాడు. మా పేటలో అలా వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాదు. రెండేళ్లు చేసి వెళ్లిపోతాను, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను.

ఈ ఇంటి డ్రైవరు షావలి, రాయచోటి మనిషి, నాకు తమ్ముడి లెక్క. ఇవాళ్టి దాకా ఇక్కడ సంగతి మొత్తం తెలిసినవాడు అతనొక్కడే. ఆపరేషను తేదీ ఖాయమైన రోజు కారు ఆపి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు: "అక్కా, నీకేమన్నా అయితే ఈడ సూరాయమ్మ సచ్చిపోయిందని రాస్తారు గదా. ఆ కాగితం ఊరికి పోతే ఆడ మీ అక్క పరిస్థితేంది?" అక్కకు వితంతు పింఛను వస్తుంది. కాలనీ ఇల్లు ఆమె పేరనే ఉంది. నా కూతుర్ని పెంచింది ఆ ఇంట్లోనే. నేను చస్తే కాగితాల్లో చచ్చేది అక్క. మార్తమ్మకు మాత్రం ఏమీ కాదు, చింతలపేట రేషను కార్డులో హాయిగా ఉంటుంది. నా కూతురు విమానాశ్రయంలో సంతకం పెట్టి తీసుకోవలసింది తన పెద్దమ్మ శవం.

కనుక నా తదనంతరం ఈ క్రింది విధంగా జరగవలెను.

1. ఈ వీలునామాను నడిపించే బాధ్యత షావలిది. నాకు ఏమైనా అయితే మొదటి ఫోను నా కూతురు ఎస్తేరుకు, భీమవరం నర్సింగు హాస్టలుకు. రెండో పని, నా పెట్టె కన్నా, నా ఒంటికన్నా ముందు ఈ కాగితం ఊరు చేరాలి. తహసీల్దారు ఆఫీసులో ఇచ్చి, చచ్చింది మార్తమ్మ, సూరాయమ్మ కాదు అని రాయించాలి. కింద నా పది వేళ్ల ముద్రలూ వేశాను. అక్క చేత కూడా వేయించి పక్కపక్కన పెట్టి చూడమనండి. పోయిన ఏడాది ఇక్కడ బయోమెట్రిక్‌లో ఈ వేళ్లనే అక్క పేరు కింద ఇచ్చాను.

2. నా యావదాస్తి ఒక నోటుబుక్కు. అది ఏమిటో తెలియని వాళ్ల కోసం రాస్తున్నాను. కువైట్ సిటీలో మా తెలుగు సహవాసానికి శుక్రవారమే ఆదివారం. క్రిస్మస్‌కు ముందు శుక్రవారం ఆరాధన అయ్యాక ఆ ఏటి మొదటి పాటను ఎన్నుకుంటారు. మనిషికో చీటీ రాసి పాలపొడి డబ్బాలో వేయాలి. చీటీలు లెక్కపెట్టి పది పాటలు వరసగా చార్టు మీద రాసి గోడకు అంటిస్తారు. మొదటి పాటతోనే క్రిస్మస్ ఆరాధన మొదలవుతుంది. వచ్చిన ఏడాదే నేను నోటుబుక్కు పెట్టాను. ఎడమ పక్క చార్టులో మొదటి పాట, కుడి పక్క నా మొదటి పాట. నా పద్ధతికి చీటీలు అక్కర్లేదు. డిసెంబరులో గిన్నెలు తోముతుంటే నాకు తెలియకుండా నోటికి ఎక్కువసార్లు వచ్చిన పాటే మొదటిది. పద్దెనిమిది క్రిస్మస్‌లలో రెండు పక్కలూ కలిసింది మూడుసార్లే. చార్టులో గెలిచేవి కీబోర్డు పాటలు, చప్పట్ల పాటలు, నాలుగుసార్లు పల్లవి తిప్పే పాటలు. అవి చెడ్డవని నేను అనను. వాటిని ఎన్నుకున్నది శుక్రవారం పొద్దున్నే తలదువ్వుకుని రాగలిగినవాళ్లు. నాలాంటి వాళ్లం వెళ్లేసరికి పాస్టరు ప్రసాదరావు గారి చివరి ప్రార్థన కూడా అయిపోయి ఉండేది.

3. సంఘ పెద్ద రత్నరాజు గారికి ఒక కవరు. 2011లో చార్టులో మొదటిది గొల్లలు గంతులేసే పాట. నా పక్క మొదటిది, ఊరుకాని ఊళ్లో నొప్పులు పడుతున్న పిల్లకు దిక్కెవరని అడిగే పాట. ఇళ్లల్లో పనిచేసే పదకొండు మందిమి అదే పాట రాసి చీటీలు పట్టుకెళ్లాం. శుక్రవారం మామాలు మధ్యాహ్నం భోజనాలయ్యే దాకా వదలరు. మేం చేరేసరికి లెక్క మొదలైంది. "లెక్క మొదలెట్టేక ఎలా ఏత్తామమ్మా, రూలు రూలే కదా" అన్నారు ఆయన. గొల్లల పాట మా పాట మీద గెలిచింది ఎనిమిది చీటీల తేడాతో. ఆ పదకొండు చీటీలు పద్నాలుగేళ్లుగా నా దగ్గరే ఉన్నాయి. వాటిని సర్వహక్కులతో రత్నరాజు గారికి దఖలు పరుస్తున్నాను. లెక్కలో కలపమని కాదు, కూర్చుని చదువుకోమని.

4. పక్కింట్లో పనిచేసే వనితకు, జగిత్యాల మనిషికి, 2015 నాటి నా పాటా, నా ఉన్ని శాలువా. ఆమె చర్చి గుమ్మం ఎక్కలేదు, ఎక్కమని నేనూ అడగలేదు. బట్టలు ఆరేసే డాబా మీద గోడ అవతల నుంచి నా పాట విని "మంచిగున్నదక్కా, మళ్లొక్కపారి అను" అని నాలుగు రోజుల్లో నేర్చేసుకుంది. సత్రంలో చోటు లేదని చెప్పి పంపేసిన ఇల్లాలు తర్వాత ఏడ్చుకునే పాట అది. ఆ ఏడు చార్టులో దానికి తొమ్మిదో స్థానం. అర్థం చెబితే వనిత చాలాసేపు దుప్పటి పిండుతూ ఉండి, "ఆమె గూడ ఆ ఇంట్ల పనిజేసేదే ఉంటది అక్కా. ఓనరు ఏం జెప్పుమంటే గదే జెప్పింది, పాపం" అంది. ఇన్నేళ్లలో ఆ పాట మీద అంతకన్నా మంచి ప్రసంగం నేను వినలేదు.

5. నోటుబుక్కులో ఎడమ పక్క పాటలన్నీ షావలికి. నన్ను దించి చర్చి బయట కారులో కూర్చునేవాడు. నమాజు చేసుకుని వచ్చి, లోపల క్రిస్మస్‌కు సాధన చేసే పాటలు కిటికీ దించి వినేవాడు. "ఈసారి ఆ చప్పట్ల పాటే గెలుస్తాది సూడక్కా" అనేవాడు, అదే గెలిచేది. సంఘం మనసు సంఘం బయట ఉన్నవాడికే బాగా తెలుసు.

6. ఈ ఏడాది నోటుబుక్కులో కుడి పక్క ఖాళీగా ఉంది. ఇవాళ పదిహేడో తేదీ. ఈ డిసెంబరులో ఒక్క పాటా నోటికి రాలేదు. గిన్నెలు తోముతుంటే గుండె చప్పుడే వినిపిస్తోంది. దాన్ని ఎవరికీ రాయడం లేదు.

7. ఎస్తేరుకు, 2020 నాటి పాట. ఆ ఏడు కరోనా వల్ల సహవాసం కూడలేదు, చార్టు లేదు. ఎడమ పక్క గీత పెట్టాను. కుడి పక్కది నీకు ఫోనులో పాడిందే తల్లీ, నువ్వు ఇంటరు పరీక్షల భయంతో అన్నం మానేసినప్పుడు. నువ్వు విని "ఆపమ్మా, నవ్వొత్తంది" అన్నావు. నవ్వావు కదా, అదే నాకు మొదటి స్థానం. కుడి పక్క పాటలన్నీ నీవే. పాడకపోయినా పరవాలేదు, పారేయకు. ఎవరైనా ఆఫీసులో మీ అమ్మ ఎక్కడని అడిగితే తడబడకు. మా అమ్మ కువైట్‌లో పనిచేసింది, పేరు మార్తమ్మ అని చెప్పు.

8. వరస తప్పిందని తెలుసు. 2017ను ఇంతదాకా తోసుకొచ్చాను, రాయడానికి చెయ్యి రాక.

"నిప్పు తెచ్చానమ్మా మరియమ్మా, తలుపు తియ్యవే
నీళ్లు కాచి పోస్తాను, నీ బిడ్డ వణుకుతున్నాడే"

ఈ పాట మా అక్క కట్టింది. ఎస్తేరు పుట్టిన రోజు పొయ్యి దగ్గర నీళ్లు కాస్తూ కట్టింది. నాకు పొద్దున్నే సెలవు దొరికిన ఒకే ఒక్క డిసెంబరు శుక్రవారం 2017లో వచ్చింది. సహవాసంలో నిలబడి పాడాను. కీబోర్డు వాయించేవాడు కూడా చేతులు తీసేసి విన్నాడు. నూట నలభై చీటీలు వచ్చాయి. రత్నరాజు గారు మైకులో "ఈ పాట ఎవరు కట్టేరమ్మా?" అని అడిగారు. మా అక్క సూరాయమ్మ అంటే, మరి నువ్వెవరని అడుగుతారు. అక్కడ నేనే కదా సూరాయమ్మను. భయం పట్టుకుంది. నేనే కట్టానన్నాను. చార్టు మీద "మొదటి పాట. కట్టినవారు: సూరాయమ్మ, ఎగైలా" అని రాశారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి నోటుబుక్కులో కుడి పక్క సిగ్గుతో వేరే పాట రాశాను. ఇన్నేళ్లలో చార్టు నిజం చెప్పి నా నోటుబుక్కు అబద్ధం చెప్పింది ఆ ఒక్క ఏడే.

మొన్న ఆదివారం అక్కకు ఈ సంగతి ఫోనులో చెప్పాను. తిడుతుందనుకున్నాను. "బాగా కొట్టేరా చప్పట్లు?" అని అడిగింది. కొట్టారన్నాను. అందుచేత సదరు పాటను, దాని పేరునూ, ఆ చప్పట్లనూ మా అక్కకు తిరిగి అప్పగిస్తున్నాను. ఆ ఏటి చార్టు అడిగి తెచ్చుకుని చుట్టి బీరువా పైన పెట్టాను. అందులో ఊరి పేరు తప్ప దిద్దవలసింది ఏమీ లేదు.

9. మామాకు, మచ్బూస్ అనే ఇక్కడి మాంసపు అన్నంలో వేసే మసాలా డబ్బా. కొలతలు మూత లోపల అంటించాను, వనిత చదివి చెబుతుంది. మామాకు నా అసలు పేరు తెలియదు, దయచేసి ఎవరూ ఆమెను ఇబ్బంది పెట్టవద్దు. నిన్న నా తల మీద చెయ్యి పెట్టి "సూరా, మాఫీ ఖౌఫ్" అంది. భయం లేదు అని. ఆ ధైర్యం చెప్పింది సూరాయమ్మకు. మార్తమ్మ గదిలోకి వచ్చి మళ్లీ భయపడింది.

10. ఇది ఆస్తి కాదు, అయినా రాయాలి. అదే ఆదివారం అక్కతో అన్నాను, ఈ ఆపరేషను వద్దు, నా వల్ల నీ బతుకు చెడిపోతుందని. చేయించుకోకపోయినా ఇక్కడే పోతానని, అప్పుడూ నీ పేరే పోతుందని కూడా చెప్పాను. ఎటు తిరిగినా అక్క మీదికే వస్తోంది. ఆమె పప్పు రుబ్బుతూ విన్నది. "నా పేరేగా, పోతే పోద్ది. ఆపీసుల సుట్టూ నేను తిరుక్కుంటాను. నువ్వు కోయించుకోవే" అంది. నీకు భయం లేదా అన్నాను. "ఎందుకు లేదూ. పింఛను గురించి కాదే, నీ గురించి" అంది. నేను ఏడ్చాను. ఆమె ఫోను పెట్టేయకుండా రుబ్బుతూనే ఉంది.

కాబట్టి సోమవారం వెళుతున్నాను. ఆసుపత్రి కాగితం మీద అక్క పేరుతో సంతకం పెడతాను. ఈ కాగితం మీద మాత్రం నా పేరుతో పెడుతున్నాను. ఈ పేరుతో సంతకం చేసి పద్దెనిమిదేళ్లయింది. మొదటిసారి అక్షరం కుదరక కొట్టివేశాను. ఆ కొట్టివేత నాదే, ఎవరూ దిద్దలేదు.

తేదీ: 17 డిసెంబరు 2025, బుధవారం. ఎగైలా, కువైట్.

(సంతకం) యల్లమెల్లి మార్తమ్మ
కింద పది వేళ్ల ముద్రలు

బాధ్యత ఒప్పుకున్నవాడు: షావలి, రాయచోటి.

సాక్షులు:

1. వనిత, జగిత్యాల జిల్లా. ఆమె రాస్తుంటే ఎదురుగా కూసోని చూసిన.

2. పెయ్యల సూరాయమ్మ, చింతలపేట. ఫోనులో చూస్తూ ఆమె చెప్పిన మాటను షావలి ఉన్నదున్నట్టు ఇక్కడ రాశాడు. ఫోను సాక్ష్యం చెల్లదేమోనన్నాడు, అయినా రాయమన్నాం.

"నేను పెయ్యల సూరాయమ్మని. బతికే ఉన్నాను. ఆ సంతకం పెట్టింది మా చెల్లి మార్తమ్మ. దాన్ని మార్తమ్మగానే ఇంటికి పంపండి."