ముదిరిన పాకం

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీకిష్టమని అరిసెలకు బెల్లం పాకం పొయ్యి మీద పెట్టాను.

మన వీధి సత్యవతి కథల పుస్తకానికి మొన్న సన్మానం చేశారు. మోకాళ్ల నొప్పులని వెళ్లలేదు. అసలు సంగతి కడుపుమంట. నిన్న తనే ఇంటికొచ్చింది.

"పిన్నీ, నువ్వు సెప్పే కతలు నువ్వే రాయొచ్చు గదా. ఎప్పుడు రాత్తావు?"

"పొయ్యి మీద పాకముందమ్మా, ముదిరిపోద్ది" అన్నాను. పొయ్యి వెలిగించనే లేదు. నువ్వు "రాయవే" అన్నప్పుడల్లా నేను చెప్పిన సాకూ అదే.

ఇవాళ పాకం నిజంగానే ఉంది. తప్పులు రాస్తున్నానేమో, సత్యవతి చూస్తే నవ్వుతుందేమోనని రాసింది కొట్టేసి మళ్లీ రాస్తున్నాను. పాకం ముదిరిన వాసన కూడా వస్తోంది. అయినా లేవలేదు. ఈసారి నీకు పెట్టే అరిసెలు గట్టిగా ఉంటాయి, ఏమీ అనుకోకు.