మూత పెట్టని కుండ

భాలుబాసా, జంషెడ్‌పూర్,
3 మే 1959, ఆదివారం.

కోడలు చిరంజీవి ఏసుమణికి నీ అత్త జ్ఞానరత్నం ప్రభువు పేరిట దీవెనలు చెప్పి రాయునది. ఇక్కడ అందరమూ క్షేమం. భీమిలిలో నువ్వూ, మీ అమ్మగారూ, మాస్టారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అలవాటు కొద్దీ 'అందరమూ' అని రాసేశాను గానీ, నువ్వు వెళ్లాక ఈ ఇంట్లో మనుషులం నేనూ నా కొడుకూ ఇద్దరమే. ఇంకొందరున్నారు. వాళ్ల సంగతి ముందుముందు రాస్తాను.

దస్తూరీ చూసి కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. ఎప్పుడూ నేను చెబుతుంటే మీ ఆయన చిన్నబాబు రాసేవాడు. ఇది వాడిచేత రాయించే ఉత్తరం కాదు. వాడు మధ్యాహ్నం షిఫ్టుకి సైకిలెక్కి వెళ్లగానే వాడి కలం తీసుకుని కూర్చున్నాను. మిషన్ బడిలో ఐదో తరగతి చదివినదాన్నే గానీ, ఇంత పొడుగు రాసి ఎన్నేళ్లయిందో! ఒత్తులు ఎగిరిపోతే నువ్వే తగిలించుకుని చదువుకో, మాస్టారి కూతురివి కదా.

మల్లె పూసిందా అని అడిగావు. పూసింది. కోసేవాళ్లు లేక తీగ మీదే వాడిపోతుంటే పక్కింటి పోలమ్మ వచ్చి కోసుకుపోతోంది. మీ ఆయన వేళకు తింటున్నాడా అని అడిగావు. కంచం ముందు కూర్చుంటున్నాడు, అంతవరకే రాయగలను. కార్ఖానాకి కట్టిచ్చిన క్యారేజీ సగం అలాగే తిరిగొస్తోంది. ఏట్రా ఇది అంటే "ఆకలి నేదమ్మా" అంటాడు. బారిడీహ్ వైపు వేరే ఇల్లు చూడమని నువ్వు వాడికి రాసిన సంగతీ నాకు తెలుసు. వాడు చెప్పలేదు. చొక్కా ఉతకబోతే జేబులో నీ ఉత్తరం దొరికింది. చదవకూడదు, చదివాను. కాన్పయ్యాక బిడ్డనెత్తుకుని అత్తయ్య గడప తొక్కనని రాశావు. ఆ పూట నాకూ అన్నం దిగలేదు.

నాకు రాసిన కార్డులో మాత్రం ఆ మాట రాయలేదు. చివర ఒక ప్రశ్న వేశావు: "అత్తయ్యా, దేవుని కుండ ఇప్పుడు నిండుతోందా?" అని. దానికి జవాబు చెప్పడానికే ఈ ఉత్తరం. ఓపిగ్గా చదువు తల్లీ.

నీకు తెలిసిందే అయినా మొదటినుంచీ రాస్తాను. రాస్తేగాని నా తప్పు ఎక్కడ మొదలైందో నాకు కనబడదు. అన్నానికి బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక గుప్పెడు తీసి దేవుని కుండలో వేస్తాం. ఆదివారం గుడికి పట్టుకెళ్తాం, అక్కడ ఆడవాళ్లందరి బియ్యమూ ఒక్కచోట పోసి లేనివాళ్లకి పంచుతారు. మీ మామయ్యగారు చనిపోయిన ఏడాది ఆ బియ్యం మన గుమ్మంలోకే వచ్చింది. ఎవరెవరో పిడికిట పట్టి తీసిన గింజలు తిని నేనూ నా కొడుకూ బతికాం. అందుకే ఆ కుండంటే నాకంత పట్టింపు. మా అమ్మ దానికి మూత పెట్టేది కాదు, ఇచ్చేది దాపరికంగా ఇవ్వకూడదనేది. నేనూ పెట్టలేదు.

జనవరి నుంచి ఆ కుండ ఆదివారానికి మెడదాకా రావడం మానేసింది. మూడు వారాలు చూశాను. "మూత పెట్టి చూద్దామా అత్తయ్యా" అని నువ్వే అన్నావు. "దేవుడి సొమ్ముకి తాళమేత్తావేటే?" అని గయ్యిమన్నాను. మూత పెడితే నీ చెయ్యి కనబడదనే ఆ మాటన్నావని లోపల అనుకున్నాను కూడా. ఎందుకంటే అంతకు రెండురోజుల ముందు నువ్వు పచ్చిబియ్యం నములుతూ నా కంటబడ్డావు. డబ్బాలోవి తీసుకున్నానని చెప్పావు. వినలేదు. కడుపుతో ఉన్న పిల్ల బియ్యం నోట్లో వేసుకోవడం లోకంలో వింతా? చిన్నబాబు కడుపులో ఉన్నప్పుడు నేను పొయ్యిమట్టి తిన్నదాన్ని! ఇంట్లోనే కసిరి ఊరుకున్నా పోయేది. ఆదివారం ఆడవాళ్ల కూటంలో, పాదిరి అయ్యగారి భార్య, అమ్మగారి ముందు, "మా ఇంట దేవుడి బియ్యం మా కోడలు తినేత్తంది" అన్నాను. అందరూ నీ వైపు తిరిగారు. నువ్వు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నావు. రెండోరోజుకల్లా ఆరోనెల కడుపుతో రైలెక్కావు.

నువ్వు వెళ్లిన రెండో వారం, పెంకు జారిందని చిన్నబాబు వంటింట్లో నిచ్చెన వేసి ఎక్కాడు. దేవుని కుండ ఉన్న అలమారకి సరిగ్గా పైన, గోడకీ పెంకులకీ నడుమ ఉడుత గూడు! మూడు పిల్లలు, ఒంటిమీద నూగైనా లేదు, ఒక్కోటి నా చిటికెన వేలంత. గూడు నిండా మన బొంతలోని దూది, ఆదివారపు బడి కార్డు ముక్కలు, నీ పసుపుపచ్చ ఊలు. బిడ్డ మేజోళ్లకని తెచ్చుకుని ఉండ పోయిందని రెండురోజులు వెతికావు చూడు, అదే. వస్తువు జాగ్రత్త తెలీదని దానికీ నిన్నే తిట్టాను. గోడ పొడుగునా కొరికి పడేసిన బియ్యపు గింజలు. చిన్నబాబు ఆ ఊలు పోగు ఒకటి లాగి నా చేతిలో పెట్టాడు. నిచ్చెన దిగి బయటికెళ్లిపోయాడు.

నాకు ఏడుపు రావాలి కదా? కోపం వచ్చింది. ఈ వేలెడు జంతువు నన్ను ఇంత పని చేస్తుందా అని. ఎదురింటి రామ్‌బిలాస్ "మాజీ, దవా డాల్ దీజియే, ఏక్ దిన్ మే సబ్ సాఫ్" అని, ఒక్కరోజులో అన్నీ చస్తాయని ఎలుకల మందు పొట్లం తెచ్చిచ్చాడు. తీసుకున్నాను. బెల్లమేసి ఉండ చుట్టాను కూడా. అది పట్టుకుని అలమార దగ్గరికి వెళ్లేసరికి పైనుంచి ఒక పిల్ల జారి పొయ్యి పక్కన గోనెపట్టా మీద పడింది. పైన తల్లి తోక కొట్టుకుంటూ ఒకటే కీచులు. ఆ గోలకి పోలమ్మ పరిగెత్తుకొచ్చింది.

"ఓలప్పా, ముట్టకు! సెయ్యెట్టకు! నువ్విలా అడ్డంగా నిలబడితే అదెలా దిగుద్ది? గుమ్మంకాడికొచ్చి కూకో."

వెళ్లి కూర్చున్నాను. తల్లి సగం గోడ దిగి, నన్ను చూసి వెనక్కి పోయింది. మళ్లీ దిగింది, మళ్లీ పోయింది. మూడోసారి నన్ను చూస్తూనే, వణుకుతూనే వచ్చి, పిల్లని నోట కరుచుకుని పైకెక్కింది. గిన్నె విసిరితే తగిలేంత దగ్గర్లో ఉన్నాను నేను. దానికి ఆ సంగతి తెలుసు. అయినా వచ్చింది. అప్పుడొచ్చింది మణీ, నాకు ఏడుపు. పోలమ్మ నా చేతిలో ఉండ చూసి "అదేటి?" అంది. ఏమీ లేదన్నాను. పెరట్లో మోకాటిలోతు గొయ్యి తీసి దాన్ని పాతిపెట్టి, మూడుసార్లు చేతులు కడుక్కున్నాను.

ఆ సాయంత్రమే చిన్నబాబు సాక్చీ బజారు నుంచి ఇనుప వల తెచ్చాడు, పెంకుల కింద సందు మూసేద్దామని. "ఇప్పుడు కొట్టేత్తే తల్లి బైట, పిల్లలు లోపలా అయిపోతాయిరా. అవి కాళ్లొచ్చి ఎల్లేదాకా ఆగు" అన్నాను. వాడు సుత్తి కింద పెట్టి నా మొహంలోకి చూశాడు. "ఈ మాట నువ్వేనా అమ్మా అంటన్నావు?" అన్నాడు. వాడు ఎందుకలా అన్నాడో నీకు నేను విప్పి రాయాలా?

అలా ఉడుతలతో రెండు నెలలు కాపురం చేశాం. బియ్యమంతా మూత డబ్బాల్లోకి ఎత్తాను, బొంతలు పెట్టెలో పెట్టాను. ఆ తల్లికి బియ్యం దొరక్క ఇబ్బంది అవుతుందని రోజూ కిటికీలో రెండు వేరుశనక్కాయలు పెట్టేదాన్ని. ఏం నవ్వుతావులే! ఈస్టరు నాటికి పిల్లలు కళ్లు తెరిచాయి. ఏప్రిల్ ఆఖరుకి మన జామచెట్టు మీద ఒకదాన్నొకటి తరుముకుంటూ తిరిగాయి. కానీ అన్నీ వెళ్లాయో, ఒకటి లోపలే ఉండిపోయిందో ఎలా తెలుస్తుంది? పోలమ్మే ఉపాయం చెప్పింది. ఆ సందు పొడుగునా ముగ్గుపిండి చల్లు, తిరిగితే అడుగులు పడతాయంది. ముగ్గులు వెయ్యని మన ఇంట్లో ముగ్గుపిండి ఎక్కడిది? వాళ్లింటి నుంచే డొక్కు గిన్నెతో తెచ్చుకుని నిచ్చెనెక్కాను. "రండర్రా సూడండి, జ్ఞానరత్నమ్మ ముగ్గెడతంది!" అని పోలమ్మ వీధంతా వినబడేలా అరిచింది. మన గుడివాళ్లు ఇద్దరు ఆగి మరీ చూసిపోయారు. పోనీ. మొన్న వరసగా మూడురోజులు పిండి మీద ఒక్క గీతైనా పడలేదు. అప్పుడు చిన్నబాబు వల కొట్టాడు. దేవుని పాత కుండని జామకొమ్మల మధ్య అడ్డంగా కట్టించాను. అందులో చేరాయి. దేవుడేమీ అనుకోడులే. ఉత్తరం మొదట్లో 'అందరమూ' అన్నది వాటిని కలుపుకునే.

ఇక్కడిదాకా చదివి, పోనీలే, అత్తయ్యకి ఇప్పటికైనా తెలిసింది అనుకుంటావు. అసలు సంగతి అక్కడే ఉంది మణీ. నాకు తెలిసింది ఇప్పుడు కాదు.

నువ్వు రైలెక్కింది మంగళవారం. సోమవారం పొద్దున్న నువ్వు పెరట్లో బట్టలు ఆరేస్తుంటే నేను వంటింట్లోకి వెళ్లాను. కుండ అంచు మీద ఉడుత కూర్చుని ఉంది. రెండు చేతులా గింజ పట్టుకుని తింటోంది. కళ్లారా చూశాను. చీపురు విసిరి తరిమాను. నిన్ను పిలవొచ్చు. పది అడుగుల దూరంలో ఉన్నావు. కానీ ముందురోజే అంతమంది ముందు ఆ మాటనేశాను కదా! ఇప్పుడు కాదంటే నా మొహం ఏం కావాలి అనుకున్నాను. నోరు మూసుకున్నాను.

మర్నాడు టాటానగర్ స్టేషన్‌లో బండి కదలబోయేముందు, "ప్రార్థన చెయ్యండి అత్తయ్యా" అని తలవంచావు. నీ తల మీద చెయ్యి పెట్టాను. "ప్రభువా, ఈ బిడ్డ చేసిన తప్పు మన్నించు" అన్నాను. తెలిసే అన్నాను. పక్కన ఉన్నవాళ్లు వింటున్నారని గట్టిగా అన్నాను. నువ్వు ఆమెన్ అన్నావు. చెయ్యని తప్పుకి, కళ్లనీళ్లతో, ఆమెన్ అన్నావు. మూడు నెలలు కావొస్తోంది. ఆ మాట నా చెవిలోంచి పోవడం లేదు. దేవుని పేరు అడ్డం పెట్టుకుని అబద్ధమాడింది నేను, గింజలు తిన్న ఉడుత కాదు.

ఈ పొద్దున్న గుడిలో ఆడవాళ్ల కూటంలో లేచి నిలబడి ఉన్నదంతా చెప్పాను. ఉడుతని చూసిన సోమవారం సంగతి, స్టేషన్ సంగతి కూడా. అమ్మగారు "ఇదంతా నీ కోడలికి రాశావా?" అని అడిగారు. లేదన్నాను. "మరి ముందు మాకెందుకు చెబుతున్నావు?" అన్నారు. నిజమే కదా. ఇంటికొచ్చి వాడికి ఇంత అన్నం పెట్టి పంపి ఇది మొదలుపెట్టాను. చిన్నబాబుకి ఇంకా తెలియదు. రాత్రి వచ్చాక చెబుతాను. వాడేమన్నా పడతాను.

నీ ప్రశ్నకి జవాబు: కుండ నిండడం లేదు. కొత్త కుండ కొన్నాను, చెక్క మూత చేయించాను, అలమారలో పెట్టాను. ఖాళీగానే ఉంది. నా గుప్పెడు వేరే డబ్బాలో తీస్తున్నాను. అందులో మొదటి గుప్పెడు నీ చేతిది పడాలని నా ఆశ. బారిడీహ్‌లో ఇల్లు తీసుకుంటే తీసుకో, నేను అడ్డు చెప్పను, ఆ కుండ నీతోనే అక్కడికి పంపిస్తాను. ఈ మాట దెప్పడానికి రాయడం లేదు.

నీకిప్పుడు తొమ్మిదో నెల. నువ్వు సరేనని ఒక్క ముక్క రాస్తే నేను బయల్దేరి ఖరగ్‌పూర్‌లో బండి మారి వస్తాను. వద్దంటే రాను, కోపమూ తెచ్చుకోను. వస్తే మాత్రం నన్ను వెంటనే లోపలికి రమ్మనకు. మీ గుమ్మంలోనే నిలబెట్టి, మీ అమ్మగారూ మాస్టారూ వింటుండగా, నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యి. నేను చేసిన తప్పు పేరు పెట్టి, గట్టిగా చెయ్యి. ఆమెన్ నేనంటాను.

ఇట్లు,
నీ జవాబుకి ఎదురుచూసే అత్త,
జ్ఞానరత్నం.