నాన్న ఒంటి మీద ఎవరి కోటు?

గురువారం, రాత్రి

రేపు నాన్న పెద్దకర్మ. ఫ్లెక్సీ తెద్దామని అన్నయ్యతో నూజివీడు వెళ్తే, దాని మీద నాన్న నల్లకోటు వేసుకుని ఉన్నాడు. పేరు కింద 'ప్రముఖ మామిడి రైతు' అని రాయించాడు అన్నయ్య. నాన్నకి సెంటు భూమి లేదు. జీవితమంతా ఊళ్లోవాళ్ల తోటల్లో కాయ కోశాడు.

"కూలీ అని రాస్తే మా అత్తారివాళ్ల ముందు తలెత్తుకోగలనా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ఆ కూలితోనే కదరా నిన్ను చదివించాడు! మా ఆయన పోయాక నన్నూ నా కూతుర్నీ ఇంటికి తెచ్చుకున్నాడు. మనవరాలు నర్సింగ్ చదవాలని, మోకాళ్లు పట్టేసినా చెట్లెక్కాడు. ఇందులో దాచుకోవాల్సిందేముంది?"

"అయితే నువ్వే చేసుకో. నేను రాను" అని బండెక్కి వెళ్లిపోయాడు.

వెళ్తే వెళ్లాడు. షాపులో కోటు తీయించేశాను. నా ఫోన్లో ఉన్న ఫోటో ఇచ్చాను. తలకి తువ్వాలు, చేతిలో కాయలు కోసే చిక్కం కర్ర, మొహం నిండా నవ్వు. పేరు కింద 'మామిడి కోత కూలీ' అని పెద్దక్షరాల్లో వేయించాను.

ఇంటికొచ్చాక మాత్రం భయమేసింది. కొడుకు లేకుండా కర్మ ఎలా? అన్నయ్య ఫోన్ స్విచ్చాఫ్. పంతులుగారికి చేసి, "అన్నయ్య రాకపోతే నేను కూర్చుంటానండీ" అన్నాను.

"ఊళ్లోవాళ్లు ఏమంటారో ఆలోచించావా అమ్మా?" అని అడిగారాయన.

"అననివ్వండి. నాన్న కష్టం తిన్నదాన్ని, ఆయనకి పిండం పెట్టలేనా?"

"సరే, పొద్దున్నే తలస్నానం చేసి ఉండు" అన్నారు.

అన్నయ్య వస్తే పక్కన కూర్చుంటాడు. రాకపోయినా నేను లేవను.