గొంతు యంత్రం

అయ్యా,

దిగుమతి సుంకాల వర్గాలను సులభం చేస్తాం, సలహాలు పంపండని మీ కస్టమ్స్ శాఖ ప్రకటించిందని రాస్తున్నాను.

గొంతు క్యాన్సర్ ఆపరేషన్‌తో నా భార్య కౌసల్యమ్మకు మాట పోయింది. మెడకు ఆనించుకుంటే మాట పలికించే యంత్రాన్ని మా అల్లుడు విదేశం నుంచి తెప్పించాడు. అది శంషాబాద్ విమానాశ్రయం గోదాములో ఆగిపోయింది.

"ఇది వైద్య పరికరమా, స్పీకరా తేలలే బాపూ. జర ఆగుండ్రి," అన్నాడు సుంకం కట్టి సరుకు విడిపించే ఏజెంటు.

అది తేలేలోపే కౌసల్యమ్మ పోయింది. చివరి రోజు నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయింది. పెదవులు చూశాను, అర్థం కాలేదు. ఆమెకు రాయడం రాదు.

ఇలాంటి యంత్రాలను అనుమానం లేకుండా వైద్య పరికరాల్లోనే చేర్చండి.

తర్వాత వచ్చిన ఆ యంత్రాన్ని దవాఖానలో మాట పోయిన మరొకామెకు ఇచ్చాను. ఆమె దాన్ని మెడకు పెట్టుకుని కూతుర్ని పిలిచింది. నేను అక్కడ నిలబడలేక బయటికి వచ్చేశాను.

ఇట్లు,
పాల్మాకుల రైతు