మూత పెట్టిన అరగంట

టాడ్‌మార్డెన్,
19 ఏప్రిల్ 1986, శనివారం.

ప్రియమైన నార్మన్‌కు,

ఇక్కడ నేనూ, మా ఆవిడ ఐవీ క్షేమం. కాలువ అవతల నీ మోకాలు, నీ కోళ్ళు, నీ మొండితనం మూడూ కులాసాగానే ఉన్నాయని తలుస్తాను. ఆరేళ్ళ తర్వాత నా చేతిరాత చూసి కవరు పొయ్యిలో పడేయకు. తలుపు తట్టే ధైర్యం లేక రాస్తున్నాను.

మన లొరేన్ పెళ్ళి మే పదిహేడున. నామకరణం రోజు చర్చిలో నువ్వు ఎత్తుకుంటే నీ టై తడిపిందే, ఆ పిల్ల. పెళ్ళి విందులో నేను కాచిన బీరే పోయాలట. "కొట్లో కొన్న డబ్బా మాల్టు పాకంతో కాదు నాన్నా, నార్మన్ బాబాయిలా గింజలతో కాయాలి" అని పట్టుబట్టింది. సొంత కూతురే నీ పక్షం చేరితే నేనేం చేయను?

ఆ రోజు క్లబ్బులో అందరి ముందూ నా గ్లాసు వాసన చూసి, "డబ్బా మూత తీసి నీళ్ళు కలిపి దీన్ని బీరంటావట్రా!" అన్నావు. "పొద్దుట్నుంచీ జావ కాచుకునేవాడివి, నీ బీరు నీ కోళ్ళకే పోసుకో" అన్నాను నేను. అప్పట్నుంచి ఎదురుపడితే నువ్వు వీధికి ఆ పక్క, నేను ఈ పక్క. అలా అన్నందుకు చాలాసార్లు బాధపడ్డాను నార్మన్. చెప్పడానికే నోరు రాలేదు.

పోయిన శనివారం కాచాను. వేడి నిలుస్తుందని పిక్నిక్ ఐసు పెట్టెలో పది పౌండ్ల మాల్టు బార్లీ రవ్వ పోసి, వేడినీళ్ళు కలిపి, జామ్ కాచే థర్మామీటరుతో అరవై ఆరు డిగ్రీలు చూసి మూసిపెట్టాను. ఇరవై ఏళ్ళుగా ఎవరో తీసి డబ్బాకెత్తిన తీపి కొనుక్కున్నవాణ్ణి. గింజలోంచి తీపి నా చేతుల్లో పుట్టడం ఇదే మొదలు. తెల్లసాసరులో ఆ రసం చుక్క వేసి అయోడిన్ కలిపితే సిరాలా నల్లబడింది. పిండి ఇంకా తీపిగా మారలేదన్నమాట. గంటన్నరకి మళ్ళీ వేస్తే నల్లబడలేదు. ముసలాణ్ణి, వంటింట్లో గెంతాను.

ఇక ఆ వాసన! వేడి హార్లిక్స్, అప్పుడే కాల్చిన రొట్టె, వాన పడి ఆరిన గడ్డివాము, అన్నీ కలిసిన వాసన. నిక్కర్లేసుకుని బడికి పోయేటప్పుడు కాలువ మీదికి బ్రూవరీ ఆవిరి దిగేది, గుర్తుందా? నోళ్ళు తెరుచుకుని అందులోకి నడిచేవాళ్ళం. మీ అమ్మ కిటికీలోంచి, "ఆవిరి తాగితే కడుపు నిండదురా, రొట్టె తినిపోండి" అని కేకేసేది. కళ్ళు మూసుకుని నా వంటింటి ఆవిరిలో నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. ఆమె గొంతు వినిపించింది.

ఆ సాయంత్రం నీ గేటు దగ్గర పిప్పి బకెట్టు పెట్టింది నేనే. కోళ్ళకి.

ఒక్క తప్పు చేశాను. రసం మరుగుతుంటే ఆవిరికి గోడ కాగితం ఊడిపోతోందని ఐవీ గోలపెట్టింది. చివరి అరగంట గిన్నె మీద మూత పెట్టాను. డబ్బా పాకానికి అదే అలవాటు. పొయ్యి ఆర్పాక నువ్వు ఒకప్పుడు అరిచిన మాట గుర్తొచ్చింది. "గింజల రసం మూత తీసి కాయాలిరా, లేదంటే క్యాబేజీ ఉడికిన నీళ్ళే తాగుతావు" అనేవాడివి.

ఇప్పుడు పులిసి, నురుగు దిగింది. చూడ్డానికి బాగానే ఉంది. గురువారం వచ్చి ఒక గ్లాసు తాగి చూడు. ఐవీకి బీరంతా ఒకటే కంపు. లొరేన్‌ని అడిగితే బెంగపడుతుంది. గింజలదే గెలుపని క్లబ్బులో అందరి ముందూ ఒప్పుకుంటాను, సరేనా?

ఇట్లు,
నీ డబ్బా నేస్తం,
హెర్బర్ట్

తా.క. పైన రాసిన వాసన నాకు రాలేదు నార్మన్. అదంతా జ్ఞాపకమే. జనవరిలో ఫ్లూ పోతూ పోతూ నా ముక్కును కూడా పట్టుకుపోయింది. నాలుకకి తీపీ చేదూ అందుతాయి, అంతే. ఏమైనా తిరిగొస్తుందేమోనని ఆవిరిలో అంతసేపు నిలబడ్డాను. మీ అమ్మ గొంతొక్కటే వచ్చింది. ఐవీకి కూడా చెప్పలేదు. రొట్టె మాడినా బాగుందంటున్నాను. ఆ బీరులో క్యాబేజీ కంపు ఉందో లేదో నాకు తెలిసే దారి లేదు. ఉందని గురువారం చెప్పావంటే, మళ్ళీ కాస్తే పెళ్ళినాటికి అందుతుంది. ఆ రోజు నా గ్లాసును తిట్టిన ముక్కే ఇప్పుడు నాకు కావాలి. రారా.