సీసం తల పోసిన నా మొదటి గాలం

అక్కా, ఆగు! బాల్కనీ తలుపు తీసేముందు ఇది చదువు. అక్కడున్న అచ్చు ఇంకా వేడిగా ఉంది. చల్లారుతుందని నీళ్లు మాత్రం పోయకు, తడి ఉంటే ఈసారి సీసం పోసేటప్పుడు చిమ్ముతుంది. బుజ్జిగాణ్ణి అటు పోనివ్వకు.

గాలం కొక్కేనికి చేపపిల్ల తలలా ఉండే సీసం తల నేనే పోశా తెలుసా! మొన్నటివన్నీ సగం సగమే వచ్చాయి. ఇవాళ అచ్చుకి కొవ్వొత్తి మసి పట్టించా, సీసం మూలమూలకీ పాకి నున్నగా వచ్చింది. కళ్లు నీ ఎర్ర గోళ్లరంగుతో పెట్టా, తిట్టకు. "కొట్లో దొరికేదానికి ఇంత హడావుడా?" అని వెక్కిరించిన నాన్న, ఇందాక తనవి పక్కన పడేసి నాదే దారానికి కట్టాడు! మేం ఏటికి వెళ్తున్నాం.

మొదటి విసురు నాదేనట. పెద్ద చేపలుండేది రాళ్ల సందుల్లో, అక్కడ గాలం ఇరుక్కుంటే ఇక తిరిగి రాదు. బాగా కుదిరింది ఇదొక్కటే. నువ్వైతే విసురుతావా, దాచుకుంటావా?